రేడియో పెట్టెలో వంటయిల్లు

కృష్ణానది కుడిగట్టున, నాగార్జునసాగరపు ఆనకట్ట ప్రక్కన వెలసిన మా విజయపురి సౌత్ కరెంటుకు పుట్టినిల్లు వంటిది. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ ఈ ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచిరి. 1978లో ఆనకట్ట పాదమున ప్రధాన విద్యుత్కేంద్రములో మొదటి యంత్రము తిరుగనారంభించెను. 1985 నాటికి ఎనిమిది యంత్రములును పూర్తియై, ఆ కేంద్రపు శక్తి 815.6 మెగావాట్లకు చేరెను. ఇదిగాక కుడికాలువ మొదట నున్న కేంద్రములో 30 మెగావాట్ల యంత్రములు మూడు గలవు. ఇట్టి చోట కాపురముండి, మేము కరెంటు మూలముననే ఒక రేడియోను పోగొట్టుకొనబోతిమి.

అది స్టీరియో రిసీవరు. రేడియోను, రెండు స్పీకర్లను మ్రోగింపగల ఆంప్లిఫయరును ఒకే పెట్టెలో నిమిడ్చిన సాధనమునకు ఆ పేరు. 1980 ప్రాంతమున మా పెద్దలలో ఒకరు విదేశమునుండి వచ్చుచు తెచ్చినది. ఒక వానకాలపు రాత్రి ఈదురుగాలికి వీధి స్తంభముపై న్యూట్రలు తీగ ఊడినది. ఇంటిలోని దీపములు ఒక్కసారిగా పెండ్లివారింటి దీపములవలె ధగధగలాడినవి. మేము సంతోషించునంతలోనే రిసీవరులోనుండి చిన్న చప్పుడు, వెనుకనే కాలిన వాసన వచ్చినవి. డయలుమీది దీపము ఆరిపోయెను. పెట్టె మూగవోయెను.

క్రొత్త రేడియో కొనుట కష్టమేమియు కాదు. కాని మా అమ్మగారికి చూపు మందగించి ఏండ్లు గడచినవి. ఆ పెట్టె ఆమెకు గడియారము, వార్తాపత్రిక, పంచాంగము కూడ. ఏ మీట ఎచ్చట నున్నదో, ముల్లును ఎంత త్రిప్పిన విజయవాడ వచ్చునో ఆమె వ్రేళ్లకు తెలియును. క్రొత్త పెట్టె తెచ్చిన, ఆ వ్రేళ్లకు మరల అక్షరాభ్యాసము చేయింపవలెను. అందుచేత బాగుచేయింపక తప్పదని తోచినది.

మొదట మేము అందరు చేసెడి పనియే చేసితిమి. ఫ్యూజు మాడినదని చూచి, క్రొత్త ఫ్యూజు వేసితిమి. మీట నొక్కిన క్షణములోనే అదియు మాడెను. పొరుగింటివారొకరు రాగితీగ చుట్టి చూడుమనిరి. అదృష్టవశమున ఆ సలహాను పాటింపలేదు. మరునాడు పెట్టెను గుడ్డలో చుట్టి మాచర్లలో నొక వృద్ధ మెకానికు వద్దకు కొనిపోతిమి. మా కథ నంతయు విని ఆయన ఇట్లనెను: "ఫ్యూజు నేరం చేసినోడు కాదయ్యా, సాక్షి. సాక్షిని మారిస్తే కేసు తేలుద్దా?"

ఆ మాట మమ్ము ఆలోచింపజేసినది. రేడియో అనగానే మనకు ఆకాశమున తేలివచ్చు గొంతులు తలపునకు వచ్చును. కాని ప్రతి రేడియోలోను మూడు పనులు జరుగుచుండును: వినుట, పలుకుట, వండిపెట్టుట. గోడలోని ప్లగ్గునుండి వచ్చునది బియ్యము. రేడియో తినునది అన్నము. ఆ బియ్యమును అన్నముగ మార్చు వంటయిల్లు పెట్టెలో ఒక మూల నుండును. దానినే పవర్ సప్లయి అందురు. పాత రేడియోలు మూగవోవునది చెవి చెడి కాదు, గొంతు పూడి కాదు. చాలవరకు పొయ్యి ఆరుటచేతనే. మన ఇండ్లలో రేడియో చరిత్రను వెదకిచూచినను ఇదే కనబడును. ధ్వని తరంగములు చేరినంత సులభముగ దానికి అన్నము చేరలేదు.

మన ప్రాంతమున ప్రసారములు తొందరగనే మొదలైనవి. 1924లో మద్రాసులో మద్రాస్ ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడెను. 1930లో ఆ ప్రసారములను మద్రాసు కార్పొరేషను చేపట్టెను. 1938 జూన్ 16వ తేదీన ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రము వెలసెను. 1930ల దశకములోనే హైదరాబాదున నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో పలుకసాగెను. 1950లో అది ఆలిండియా రేడియోలో చేరినది. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము ప్రారంభమయ్యెను. ఇట్లు స్వరము పల్నాటి రాతినేలమీదికి సైతము వచ్చినది. కాని దానిని పట్టి వినిపించు పెట్టెకు కావలసిన కరెంటు ఆనాడు అనేక గ్రామములలో లేదు.

అందుచేత పల్లెల రేడియో బ్యాటరీ రేడియో. వాల్వులతో పనిచేయు ఆ పెట్టెకు రెండు విధములైన ఆహారము వలెను: వాల్వులోని తీగను వేడిచేయుటకు ఒకటిన్నర వోల్టులు, ధ్వనిని పెంచుటకు 90 వోల్టులు. ఇటుకవలె బరువైన ఆ బ్యాటరీ కొన్ని నెలలలో అయిపోవును. క్రొత్తది కొనవలెనన్న పట్నము పోవలెను. కావున బ్యాటరీ రేడియో గల యింట వార్తలకు మీట నొక్కుటయు, అవి ముగియగానే కట్టివేయుటయు నియమము. నూనెదీపమును తగ్గించినట్లు ధ్వనినికూడ పొదుపుగ వాడుకొనిరి. ఏటేట పోస్టాఫీసులో లైసెన్సు రుసుము చెల్లించుట ఒక ఖర్చు. బ్యాటరీ దానికి పైఖర్చు.

ఈ బాధ మనకు మాత్రమే వచ్చినది కాదు. తొలినాళ్లలో ప్రపంచమంతట రేడియోలు బ్యాటరీలపైననే నడచినవి. 1925లో కెనడా దేశస్థుడు ఎడ్వర్డ్ రోజర్స్ ఇంటి కరెంటుతో నేరుగ నడచు రేడియోను విపణిలోనికి తెచ్చెను. కరెంటు రేడియోకు అవసరమైన ముఖ్యసాధనము అంతకుముందే పుట్టినది. 1904లో ఇంగ్లండున జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ రేడియో తరంగములను పసిగట్టుటకై రెండు కొనల వాల్వును కనిపెట్టెను. కరెంటు అటునిటు పరుగిడుచున్నను, అది ఒక దిక్కుననే పోనిచ్చును. వినుటకై పుట్టిన ఆ సాధనమే అటుపిమ్మట రెక్టిఫయరను పేర పెట్టెలోని వంటయింట చేరెను.

గోడనుండి వచ్చు కరెంటు సెకనుకు 50 మారులు ముందునకు, వెనుకకు ఊగును. ట్రాన్స్‌ఫార్మరు దాని వోల్టేజిని కావలసినంతకు తెచ్చును. రెక్టిఫయరు దానిని ఒకే దారికి త్రిప్పును. అప్పటికిని అది అలలవలె లేచిపడుచునే యుండును. ఆ అలలను చెరువువలె నింపుకొని, సమముగ విడుచునది కండెన్సరు. కండెన్సరు ఎండిపోయిన, అల స్పీకరువరకు పోయి 'గుంయ్' మని వినబడును. పాత రేడియోలో పాటవెనుక తుమ్మెద రొదవంటి శబ్దము వినబడిన, పాడువారిది కాదు, కండెన్సరుదే తప్పు.

పట్టణములలో సైతము అంతటను ఒకే కరెంటు లేదు. కొన్నిచోట్ల ఏ.సి., కొన్నిచోట్ల డి.సి. ఈ రెండింటను నడచునట్లు ట్రాన్స్‌ఫార్మరు లేని రేడియోలను చేసిరి. వానిలో వాల్వుల వేడితీగలు దసరా పందిరి సీరియల్ దీపములవలె ఒకదానివెంట ఒకటి కట్టబడియుండును. ఒకటి తెగిన అన్నియు ఆరును. అంతకంటె ముఖ్యమైన సంగతి: వాని లోపలి ఇనుపచట్టము కరెంటు తీగకు నేరుగ తగులుకొనియుండును. మూతవిప్పి చేయి పెట్టినవాని ప్రాణములకే ముప్పు. మీ అటుకపై తాతగారి నాటి రేడియో ఉండి, దానిలో బరువైన ట్రాన్స్‌ఫార్మరు కనబడనియెడల, దానిని ప్లగ్గున పెట్టక ముందు తెలిసినవారికి చూపుడు.

1955లో ఆంధ్ర, ఒడిశా సరిహద్దున మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము పనిచేయ నారంభించెను. 1959 ఏప్రిల్ 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడెను. తీగలు ఊరూరికి ప్రాకసాగినవి. కాని అవి చేరకముందే ఒక విచిత్రము జరిగినది. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు పుట్టిన ట్రాన్సిస్టరు, 1960ల దశకములో మన ఇండ్లకు వచ్చినది. వేడిచేయవలసిన తీగ దానికి లేదు; టార్చిలైటు సెల్లులే చాలును. వాల్వు రేడియో మింగు కరెంటులో ఇది నూరవపాలుకూడ తినదు. గోడకు కట్టుబడియున్న రేడియో పొలముగట్టునకు, ఎద్దులబండిలోనికి నడచివచ్చినది. ఆహారము తగ్గినందుననే రేడియో సామాన్యులకు దక్కినది.

స్టీరియో వచ్చుటతో కథ మరల అడ్డము తిరిగినది. రెండు చెవులకు రెండు స్పీకర్లతో ధ్వనిని అందింపవచ్చునని 1931లో ఇంగ్లండున ఆలన్ బ్లూమ్లీన్ పేటెంటు పత్రమున వివరించెను. 1933లో అమెరికాలో ఆర్మ్‌స్ట్రాంగ్ ఎఫ్.ఎం. పద్ధతికి పేటెంట్లు పొందెను. 1961లో అమెరికా ప్రభుత్వము ఎఫ్.ఎం. స్టీరియో ప్రసారములకు అనుమతించెను. ఆ పద్ధతిలో ఎడమ, కుడి ధ్వనుల మొత్తమును ఒకటిగను, వాని భేదమును వేరొకటిగను పంపుదురు. మామూలు రేడియో మొత్తమును మాత్రమే వినును. స్టీరియో రిసీవరు 19 కిలోహెర్ట్జుల సంకేతమును గుర్తించి, మొత్తమును భేదమును కలిపి తీసి రెండు చెవులకు పంచును. పాత పెట్టె గలవారికి నష్టము రాకుండ క్రొత్త సౌకర్యమును కల్పించిన ఈ ఉపాయము మెచ్చదగినది. మన దేశమున ఎఫ్.ఎం. ప్రసారము మొదట 1977లో మద్రాసున మొదలైనది.

రెండు స్పీకర్లనగా రెండు ఆంప్లిఫయర్లు. రెండు ఆంప్లిఫయర్లనగా పెద్ద పొయ్యి. 1974లో అమెరికాలో ఆంప్లిఫయర్ల శక్తిని గూర్చిన ప్రకటనలకు ప్రభుత్వము నియమములు విధించిన పిమ్మట, కాగితముమీది వాట్లు నిజమైన వాట్లు కావలసివచ్చినవి. జపాను సంస్థలు ఒకరినొకరు మించవలెనని పోటీపడెను. నాగార్జునసాగరమున మొదటి యంత్రము తిరిగిన 1978లోనే పయొనీర్ సంస్థ ఎస్ఎక్స్-1980 అను రిసీవరును తెచ్చినది. దాని ఒక్కొక్క వైపు శక్తి 270 వాట్లు. బరువు 35 కిలోలు దాటును. ఆ బరువులో పెద్దభాగము ధ్వనిది కాదు, వంటయింటిదే. మా యింటి పెట్టె అంత పెద్దది కాకపోయినను ఆ కాలపుదే. దానినెత్తి బండిలో పెట్టుటకు ఇద్దరము కావలసివచ్చితిమి.

ఇక ఆ రాత్రి జరిగినదేమి? వీధిలో మూడు ఫేజులు, ఒక న్యూట్రలు పోవుచుండును. ఫేజునకు న్యూట్రలునకు నడుమ 230 వోల్టులు. రెండు ఫేజుల నడుమ 400. న్యూట్రలు తెగినయెడల రెండు ఫేజుల యిండ్లు ఒకే త్రాటికి కట్టిన ఎడ్లవలె 400 వోల్టులను తమలో పంచుకొనవలసివచ్చును. ఎక్కువ కరెంటు వాడు ఇంటికి తక్కువ వోల్టేజి, తక్కువ వాడు ఇంటికి ఎక్కువ వోల్టేజి పోవును. ఆ రాత్రి మా యింట రెండు దీపములు, రేడియో తప్ప వేరేమియు నడచుటలేదు. పొదుపరులకే పోటు తగిలినది.

మెకానికు మూతవిప్పి, మొదట ఏ తీగను ముట్టుకొనలేదు. కరెంటు లేకున్నను కండెన్సరు తన కడుపులో నింపుకొన్న విద్యుత్తును చాలసేపు దాచును. పెద్ద రెసిస్టరు నొకదానిని దాని కొనలకు తాకించి ఆ నిలువను మెల్లగ దింపెను. పిమ్మట విప్పదలచిన ప్రతి తీగకును చిన్న కాగితపు ముక్క కట్టి అంకె వేసెను. మాకు నాగార్జునకొండ జ్ఞప్తికి వచ్చినది. ఇక్ష్వాకుల రాజధానియైన ప్రాచీన విజయపురి సాగరమున మునుగుటకు ముందు, 1954 నుండి 1960 వరకు పురావస్తు శాఖవారు ఆ లోయను త్రవ్విరి. ముఖ్యమైన కట్టడములను విప్పి, కొండపైనను అనుపులోను మరల నిలిపిరి. విప్పుట సుళువు. ఎక్కడిది అక్కడ చేర్చవలెనన్న విప్పకముందే వ్రాసి యుంచుకొనవలెను. ఆ శాస్త్రజ్ఞులకును ఈ మెకానికునకును నీతి ఒక్కటే.

మల్టీమీటరుతో చూడగా రెక్టిఫయరు రెండు దిక్కులను దారి ఇచ్చుచుండెను. అనగా అది కాలి కలిసిపోయినది. రెండు పెద్ద కండెన్సర్లలో ఒకటి తలపై ఉబ్బియుండెను. 50 వోల్టులు మాత్రమే ఓర్వగల దానిపై అంతకు మించి వచ్చినది కాబోలు. ట్రాన్స్‌ఫార్మరు చుట్లు తెగలేదు. మొదటి ఫ్యూజు ప్రాణమిచ్చి దానిని కాపాడినది. రాగితీగ వేసియున్నచో ఆ ట్రాన్స్‌ఫార్మరే కాలియుండెడిది. అది నేడు దొరకు వస్తువు కాదు. అప్పుడు తెలిసినది, ఆ సాక్షి మాట ఎంత విలువైనదో.

రెక్టిఫయరు, కండెన్సర్లు క్రొత్తవి వేసెను. కండెన్సరు ఒకటే చెడినను రెండింటిని మార్చెను. జోడెద్దులలో ఒకటి ముసలిదైన నాగలి వంకరపోవునని ఆయన లెక్క. అటుపిమ్మట నేరుగ ప్లగ్గున పెట్టలేదు. 100 వాట్ల పాత తీగదీపము నొకదానిని దారిలో కట్టి, దానిగుండ కరెంటును పంపెను. దీనిని సీరీసు బల్బందురు. లోపల ఇంకను లోపమున్న దీపము ప్రకాశముగ వెలుగును. కరెంటు దీపమువద్దనే ఆగి, పెట్టె బ్రతుకును. లోపము లేనిచో దీపము ఒకసారి మెరిసి మసకబారును. ఎల్.ఇ.డి. దీపము ఈ పనికి రాదు. పాత తీగదీపములు అంగళ్లలో అరుదైనందున, ఆయన నాలుగింటిని పత్తిలో చుట్టి పెట్టెలో దాచుకొనెను.

దీపము మెరిసినది. మసకబారినది. మేమందరము ఊపిరి విడిచితిమి. కాని స్పీకర్లను అప్పటికిని తగిలింపలేదు. స్పీకరు పోవు దారిలో డి.సి. వోల్టేజి ఎంతయున్నదో ముందు కొలిచెను. అది వోల్టులో నూరవ వంతుల లెక్కలో ఉండవలెను. అవుట్‌పుట్ ట్రాన్సిస్టరు చెడిన, వంటయింటి కరెంటంతయు స్పీకరులోనికి ప్రవహించి దాని చుట్టను మాడ్చును. ఎడమవైపు, కుడివైపు కొలత సరిపోయినపిమ్మటనే స్పీకర్లు తగిలించెను. లోపలి రిలే 'టక్కు'మనెను. డయలు వెలిగెను.

పెట్టె ఇంటికి వచ్చిన సాయంకాలము మా అమ్మగారు దానిముందు కూర్చుండి, ఎవ్వరి సాయమును కోరక మీటలను తడిమిచూచిరి. ముల్లును త్రిప్పిరి. పాట వచ్చినది. కొంతసేపు విని, "కుడిపక్క కొంచెం గరగరమంటోంది, చూసుకున్నారా?" అనిరి. మేమెవ్వరమును గమనింపని సంగతి అది. వాల్యూము మీట లోపల నలుబదియేండ్ల దుమ్ము చేరియుండెను. తుడిచినపిమ్మట అదియు పోయినది.

ఈ అనుభవమువలన మేము నేర్చినవి కొన్ని గలవు. ఉరుము వినబడగనే ప్లగ్గు తీయుట మేలు. మీట కట్టుట చాలదు. ఫ్యూజు మాడిన, అదే విలువ గల ఫ్యూజును ఒకేసారి మార్చవలెను. రెండవదియు మాడిన, అటుపై మన పని కాదు, తెలిసినవారి పని. దీపములు అకస్మాత్తుగ మితిమీరి వెలిగిన సంతోషింపక మెయిన్ స్విచ్చి కట్టవలెను. వోల్టేజి హద్దుమీరిన తానే కట్టివేయు రక్షకసాధనములు దొరకుచున్నవి. వాని వెల పాత రిసీవరు బాగుచేయించు ఖర్చుకంటె తక్కువ. చెడిన పెట్టెను తూకమునకు అమ్ముటకు ముందు దాని వంటయింటినైనను ఒకరికి చూపింపవలెను.

ఆ మెకానికు పని నేర్చుకొనుటకు ఇప్పుడెవ్వరును రావడములేదట. ఆయన చేతిలోని విద్య పుస్తకములలో లేకపోలేదు. కాని ఏ వాసన రెసిస్టరుది, ఏ వాసన ట్రాన్స్‌ఫార్మరుది అని ముక్కుతో తెలుసుకొను చదువు ఏ పుస్తకమునను లేదు. కృష్ణ నీటితో తిరుగు యంత్రములు మన ఊరివెలుపలనే ఉన్నవి. అచ్చట పుట్టిన శక్తి మాట్లాడుటకు మన యింట ఒక పెట్టె వలెను. ఆ పెట్టె మూగవోయిననాడు దాని పొయ్యి రాజేయుటకు ఒక చేయి వలెను. మేము కూలి ఇచ్చి లేచునప్పుడు మా యింటి చిన్నవాడు ఆ కాలిన కండెన్సరును అడిగి తీసుకొనెను. వచ్చే ఆదివారము దానిని విప్పి లోపల ఏమున్నదో చూపెదనని ఆయన వానికి మాట ఇచ్చెను.